నోవహు జలప్రళయం: భూగోళమంతటికా, ఒక ప్రాంతానికా?

వాక్యభాగం: ఆదికాండము 6 నుండి 9 అధ్యాయాలు



వేసవి సెలవుల్లో ఇక్కడి మన తెలుగు కుటుంబాలు ఎన్నో కెంటకీ రాష్ట్రంలోని విలియమ్స్‌టౌన్‌కు వెళ్లి ఆర్క్ ఎన్‌కౌంటర్ చూసి వస్తుంటాయి. 2016లో తెరిచిన ఆ ఓడ పొడవు 510 అడుగులు. ఆదికాండములోని మూడువందల మూరల లెక్కతో చెక్కతో కట్టారు. పిల్లలు తలెత్తి నోరు తెరుచుకుని చూస్తారు. అదే పిల్లలు ఇంకో సెలవుల్లో గ్రాండ్ కాన్యన్ అంచున నిలబడి, ఆ లోయను కొలరాడో నది లక్షల సంవత్సరాలుగా కోసుకుంటూ వచ్చిందని బోర్డు మీద చదువుతారు. ఓడను కట్టిన సంస్థ మాత్రం ఆ రాతి పొరల్లో చాలావాటిని నోవహు కాలపు జలప్రళయమే వేసిందని చెబుతుంది. అప్పుడు కారు వెనక సీట్లోంచి ప్రశ్న వస్తుంది: "డాడీ, ఇందులో ఏది నిజం?"

ఈ ప్రశ్నకు మన ఇళ్లలో సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి, "అలాంటివి అడగకూడదు, నమ్మాలి." రెండోది, "స్కూల్లో స్కూల్ది రాయి, చర్చిలో చర్చిది చెప్పు." మొదటి జవాబు విన్న పిల్లవాడు విశ్వాసమంటే ఆలోచించకపోవడమే అనుకుంటాడు. రెండో జవాబు విన్నవాడు చర్చిలో చెప్పేది నిజం కానక్కరలేదని అనుకుంటాడు. ఇద్దరూ కాలేజీకి వెళ్లాక ఏం జరుగుతుందో మన సంఘాల్లో ఖాళీ అవుతున్న యూత్ వరుసలే చెబుతున్నాయి. అందుకే ఈ పాఠంలో ఆ ప్రశ్ననే తీసుకుందాం. బైబిలు తెరిచి పెట్టుకుని చదవండి.

ముందుగా ఒక మాట. జలప్రళయం జరిగిందా లేదా అనేది ఇక్కడి ప్రశ్న కాదు. మన ప్రభువు నోవహు దినాలను జరిగిన సంగతిగానే చెప్పాడు (మత్తయి 24:37–39). ఆ నీళ్లు ఎంత మేర కప్పాయి, ఈ విషయంలో లేఖనం మన చేత ఏమి ఒప్పించాలని చూస్తోంది అన్నదే ప్రశ్న.

వాక్యంలో ఉన్న వరుస

నోవహు వయసు ఆరువందల ఏళ్లు ఉండగా రెండో నెల పదిహేడో రోజున అగాధపు ఊటలు, ఆకాశపు తూములు తెరుచుకున్నాయి (7:11). నలభై రోజులు వాన. కొండలకు పైగా పదిహేను మూరలు, అంటే సుమారు 22 అడుగులు నీరు లేచింది (7:20). నూటయాభై రోజులు నీరు ప్రబలింది (7:24). ఏడో నెల పదిహేడో రోజున ఓడ అరారాతు కొండలపై నిలిచింది (8:4). పదో నెల మొదటి రోజున కొండల శిఖరాలు కనిపించాయి (8:5). మరుసటి ఏడాది రెండో నెల ఇరవై ఏడో రోజుకు నేల ఆరింది (8:14). అంటే మొత్తం ఒక సంవత్సరం పది రోజులు.

ఇది రెండు మూడు రోజుల్లో తగ్గిపోయే ఏటి వరద కాదు. ఏ పక్షం వారైనా ముందు ఈ వరుసకు జవాబు చెప్పాలి. అలాగే అరారాతు అంటే ఒక్క శిఖరం కాదు. వాక్యంలో "కొండలు" అని బహువచనంలో ఉంది. అరారాతు ఒక దేశం పేరని 2 రాజులు 19:37, యిర్మీయా 51:27 చూస్తే తెలుస్తుంది. ఈనాటి తుర్కియే తూర్పు భాగం, ఆర్మేనియా ప్రాంతం అది. "ఓడ దొరికింది" అంటూ వాట్సాప్‌లో ఏడాదికోసారి తిరిగే ఫోటో అక్కడి దురుపినార్ అనే చోటిది. దాన్ని పరిశీలించిన భూగర్భ శాస్త్రజ్ఞులు అది సహజంగా ఏర్పడిన రాతి ఆకారమని తేల్చారు. దాని మీద మన విశ్వాసాన్ని ఆనించవద్దు.

"భూమి" అనే మాట

ప్రోగ్రామింగ్ చేసేవారికి గ్లోబల్, లోకల్ అన్నవి రోజూ వాడే మాటలు. ఒకే పేరున్న వేరియబుల్ ఒక ఫంక్షన్‌లో ఒక విలువతో, ఇంకోచోట ఇంకో విలువతో ఉండొచ్చు. అందుకే పేరు చూసి తొందరపడకుండా, దాని స్కోప్ ఎంతవరకు అని ముందు చూస్తాం. ఆదికాండము 7వ అధ్యాయంలో "భూమి" అన్న మాటకూ అదే పని చేయాలి.

అక్కడి హెబ్రీ మాట ఎరెట్స్. పాత నిబంధనలో అది దాదాపు 2,500 సార్లు వస్తుంది. కొన్నిచోట్ల ఆకాశానికి ఎదురుగా ఉన్న భూమి మొత్తం అని అర్థం (ఆది. 1:1). ఎన్నోచోట్ల ఒక దేశం, ఒక నేల అని అర్థం. దేవుడు అబ్రామును విడిచి రమ్మన్నది కూడా ఒక ఎరెట్స్‌నే (ఆది. 12:1). అక్కడ మన తెలుగు బైబిలులో "దేశము" అని ఉంది.

ఈ సంగతి ఇంగ్లీషులో చదివే మన పిల్లలకంటే మనకు సులభంగా అర్థమవుతుంది. వాళ్లకు "ఎర్త్" అనగానే అంతరిక్షం నుంచి తీసిన నీలిరంగు గోళం ఫోటో గుర్తొస్తుంది. మనం "ఊళ్లో మాకు రెండెకరాల భూమి ఉంది" అంటాం, "భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది" అని కూడా అంటాం. మాట ఒకటే, స్కోప్ వేరు. "లోకమంతా కోడై కూస్తోంది" అన్నామంటే అర్జెంటీనాలో కూడా కూస్తోందని ఎవరూ అనుకోరు.

"సమస్తము" అన్న మాట కూడా అంతే. యోసేపు దగ్గర ధాన్యం కొనడానికి సమస్త దేశాలవారు వచ్చారని ఆది. 41:57 చెబుతుంది. సొలొమోను జ్ఞానం వినడానికి లోకులందరూ వచ్చారని 1 రాజులు 10:24 చెబుతుంది. ఈ రెండు చోట్లా హెబ్రీలో ఉన్నది "సమస్త ఎరెట్స్" అనే మాటే. అమెరికా ఖండం నుంచి ఐగుప్తుకు గోధుమల కోసం ఎవరూ రాలేదని మనందరికీ తెలుసు. అయినా ఆ వాక్యం అబద్ధమని ఎవరూ అనరు.

ఇంకా దగ్గరి ఉదాహరణ జలప్రళయ వృత్తాంతంలోనే ఉంది. పదో నెలలో కొండల శిఖరాలు కనిపించాయని 8:5 చెబుతుంది. ఆ తర్వాత నలభై రోజులకు నోవహు కాకిని, పావురాన్ని వదిలాడు. భూమి అంతటి మీదా నీళ్లు ఉన్నందున పావురానికి కాలు మోపే చోటు దొరకలేదని 8:9 చెబుతుంది. శిఖరాలు అప్పటికే బయటపడ్డాయి కదా? కాబట్టి "భూమి అంతటి మీద" అన్న మాటను ఈ రచయితే ప్రతి అంగుళం అన్న అర్థంలో వాడలేదు. ఈ రెండు వచనాలనూ పక్కపక్కన పెట్టి చదవండి.

భూగోళమంతా అనేవారి బలం

ఇంతటితో విషయం తేలిపోయిందని అనుకోవద్దు. భూగోళమంతా మునిగిందని నమ్మేవారి దగ్గర బలమైన వాదనలు ఉన్నాయి. వాటిని తేలికగా తీసుకుంటే న్యాయం కాదు.

మొదటిది, 7:19లో "సమస్తము" అన్న మాట ఒకే వాక్యంలో రెండుసార్లు వస్తుంది: ఆకాశం అంతటి కింద ఉన్న గొప్ప కొండలన్నీ. ఆకాశం కింద అన్న ఈ పదబంధం ద్వితీ. 2:25లో ఇశ్రాయేలు చుట్టుపక్కల జనాల వరకే వర్తించే సందర్భంలో వచ్చిన మాట నిజమే. కానీ ద్వితీ. 4:19లో అది నిజంగానే లోకంలోని జనాలందరి గురించి వచ్చింది. కాబట్టి ఈ పదబంధం ఒక్కదానితో ఏ పక్షమూ గెలవలేదు. అయినా 7:19–23లో "అన్నీ", "అందరూ" అన్న మాటలు వరుసగా పేర్చిన తీరు మామూలుగా లేదు.

రెండోది ఓడ. ఒక ప్రాంతమే మునిగేదైతే నోవహును ఇంకో చోటికి నడిచి వెళ్లమంటే సరిపోయేది. లోతును అలాగే పంపాడు కదా? పక్షులను ఓడలోకి ఎక్కించడం ఎందుకు? వాటికి రెక్కలున్నాయి. దీనికి ఎదుటి పక్షం ఒక జవాబు చెబుతుంది: ఓడ కట్టడమే చూసేవారికి ఒక హెచ్చరిక, దానితోనే నోవహు లోకం మీద నేరస్థాపన చేశాడు (హెబ్రీ 11:7). నోవహు విషయంలో అది మంచి జవాబే. పక్షుల విషయంలో మాత్రం అంత బలంగా లేదు.

మూడోది, నాకు అన్నిటికంటే బరువైనదిగా కనిపించేది, నిబంధన. ఇక ఎన్నడూ జలప్రవాహంతో శరీరులందరినీ నాశనం చేయనని దేవుడు ప్రమాణం చేసి, మేఘంలో తన ధనుస్సును ఉంచాడు (9:11–15). యెషయా 54:9లో దేవుడు ఆ ప్రమాణాన్నే మళ్లీ గుర్తుచేశాడు. నోవహు కాలంలో వచ్చింది ఒక ప్రాంతపు వరద మాత్రమే అయితే, ఆ ప్రమాణం ఎన్నిసార్లు తప్పినట్టు? 1977 నవంబరు 19న దివిసీమను మింగిన ఉప్పెనలో వేలమంది పోయారు. 2009 అక్టోబరులో కర్నూలు మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ నీటిలో నిలిచింది. మనలో కొందరి ఇళ్లలో దివిసీమ అన్న పేరు ఇప్పటికీ మెల్లగానే పలుకుతారు. వాళ్లకు ఇంద్రధనుస్సు అర్థం ఏమని చెబుతాం?

ప్రాంతం అనేవారు దీనికి చెప్పే జవాబు ఇది: ప్రమాణం నీళ్ల వైశాల్యం గురించి కాదు, తీర్పు గురించి. మానవ లోకాన్ని మొత్తంగా తుడిచిపెట్టే తీర్పు నీళ్లతో మళ్లీ రాదన్నదే ఆ మాట. ఇలా చదివితే దివిసీమ ఆ ప్రమాణాన్ని రద్దు చేయలేదు. అయితే ఈ జవాబు నిలవాలంటే ఒక సంగతి ఒప్పుకోక తప్పదు: నోవహు కాలపు జలప్రళయం ఏదో ఒక ఏటి వరద కాదు, అది ఒక లోకానికి ముగింపు. ప్రాంతీయ దృక్పథాన్ని తేలికగా పట్టుకుని "అదొక పెద్ద వరదలే" అనేవారు ఈ ప్రమాణాన్ని చదవకుండా దాటిపోతున్నారు.

రాళ్లూ నీళ్లూ చెప్పేది

ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. ఈ రోజున్న కొండలను అలాగే ఉంచి భూగోళమంతా కప్పాలంటే, ఇప్పుడు సముద్రాల్లో ఉన్న నీటికి మూడు రెట్లకు పైగా అదనపు నీరు కావాలి. ఆ నీరు తర్వాత ఎక్కడికి పోయింది? భూగోళ పక్షం వారు ఈ లెక్క తెలియనివారు కాదు. ఆనాడు కొండలు ఇంత ఎత్తు లేవని, జలప్రళయం చివరలో లేచాయని వారు చెబుతారు. భూమి ఉపరితలాన్ని పూర్తిగా చదును చేస్తే ఉన్న నీరే రెండున్నర కిలోమీటర్లకు పైగా లోతున కప్పుతుందన్నది నిజమే. కానీ ఆదికాండము 2:14లో ఏదెను దగ్గర చెప్పిన హిద్దెకెలు, యూఫ్రటీసు నదులు జలప్రళయం తర్వాత కూడా అవే పేర్లతో అక్కడ ఉన్నాయి. భూమి రూపమంతా తారుమారైందని చెప్పేవారు ఈ వచనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

హిమాలయాల్లో సముద్రజీవుల శిలాజాలు ఉన్నాయని మీరు వినే ఉంటారు. నేపాల్‌లోని గండకీ నదిలో దొరికే సాలగ్రామాలు అలాంటివే, అమ్మోనైట్లు అనే సముద్రజీవుల శిలాజాలు. ఇదే జలప్రళయానికి రుజువని మన ప్రసంగాల్లో చెబుతుంటారు. భూగర్భ శాస్త్రం దీన్ని వేరుగా వివరిస్తుంది: భారతదేశపు ఫలకం ఉత్తరానికి జరిగి ఆసియాను ఢీకొన్నప్పుడు మధ్యలో ఉన్న సముద్రపు అడుగు మడతలు పడి పైకి లేచింది. అంటే నీరు కొండెక్కలేదు, సముద్రపు అడుగే కొండ అయింది. ఆ రాళ్లు ఇప్పటికీ లేస్తూనే ఉన్నాయని పరికరాలతో కొలుస్తున్నారు.

మన నేలలో కూడా ఒక సాక్ష్యం ఉంది. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి ప్రాంతాల్లో పాత లావా పొరలు ఉన్నాయి. రెండు లావా పొరల మధ్య సున్నపురాయి, అందులో గుల్లల శిలాజాలు. ఒక లావా చల్లారాక ఆ మీద నెమ్మదైన నీళ్లలో జీవులు బ్రతికి, ఆ తర్వాత మరో లావా వచ్చి కప్పింది. ఏడాది పాటు ఉధృతంగా కదిలిన నీరు ఇలాంటి వరుసను ఎలా వేస్తుందో చెప్పడం కష్టం. ఐరోపాలో చెట్ల వలయాలను ఒకదానితో ఒకటి కలిపి 12 వేల ఏళ్లకు పైగా తెగకుండా లెక్కపెట్టారు. ఆ వరుసలో ఒక ఏడాది మునక జాడ లేదు.

మరి ప్రాంతీయ పక్షానికి చిక్కులు లేవా? ఉన్నాయి. వారిలో చాలామంది, "నీళ్లు ఒక ప్రాంతానికే, కానీ అప్పటి మనుషులందరూ అక్కడే ఉన్నారు, కాబట్టి అందరూ పోయారు" అంటారు. అయితే నంద్యాల జిల్లా జ్వాలాపురంలో 74 వేల సంవత్సరాల కిందటి టోబా అగ్నిపర్వత బూడిద పొర ఉంది. ఆ బూడిద కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయి. మనుషులు అంత పూర్వమే దూరదూరాలకు వ్యాపించి ఉంటే, నోవహును ఇంకా ఎంతో వెనక్కి జరపాలి, లేదా "మనుషులందరూ" అన్న మాటను కూడా నోవహు ఎరిగిన లోకం అని చదవాలి. ఇంకో చిక్కు ఓడ నిలిచిన చోటు. టైగ్రిస్, యూఫ్రటీసు వరద నీరు దక్షిణాన పర్షియన్ గల్ఫ్ వైపు పోతుంది. ఓడ మాత్రం ఉత్తరాన కొండల వైపు చేరింది. ఇరాక్‌లోని ఊరు పట్టణంలో 1929లో లియొనార్డ్ వూలీ మందమైన ఒండ్రు పొర కనుగొన్నప్పుడు జలప్రళయం జాడ దొరికిందని లోకమంతా సంబరపడింది. కానీ పక్క పట్టణాల్లోని వరద పొరల కాలాలు దానితో కలవలేదు.

క్రొత్త నిబంధన ఎలా వాడింది

భూగోళ పక్షం వారు తరచు అడిగే ప్రశ్న ఇది: జలప్రళయం ప్రాంతీయమైతే, దానితో పోల్చిన అంత్య తీర్పు కూడా ప్రాంతీయమేనా? దీనికి లూకా 17:26–30 చదవండి. ప్రభువు నోవహు దినాలను, లోతు దినాలను పక్కపక్కన పెట్టాడు. సొదొమ ఒక మైదానానికే పరిమితమైన తీర్పు, అయినా "అందరూ నాశనమయ్యారు" అన్న మాట రెండింటికీ ఒకటే. రెండూ రాబోయే దినానికి గుర్తులే. 2 పేతురు 2:5–6 కూడా నోవహును, సొదొమను అదే వరుసలో చెబుతుంది. కాబట్టి గుర్తు చిన్నదైతే తీర్పు కూడా చిన్నదే అన్న భయం అక్కరలేదు.

మరోవైపు 2 పేతురు 3:5–7 చదివితే అపొస్తలుడు సృష్టిని, జలప్రళయాన్ని, రాబోయే అగ్నిని ఒకే కొలతతో చెబుతున్నట్టు ఉంటుంది. భూగోళ పక్షానికి క్రొత్త నిబంధనలో ఇదే అత్యంత బలమైన చోటు. అయితే నశించినదాన్ని ఆయన "అప్పటి లోకం" అన్నాడు. అదే పత్రిక 2:5లో అది భక్తిహీనుల లోకం. అంటే అక్కడ కూడా చూపు ఆ మనుషుల మీద, వారి జీవితం మీద ఉంది.

ఇక ప్రభువు ఏమి నొక్కి చెప్పాడో చూడండి. నీళ్ల లోతు గురించి కాదు. తినడం, తాగడం, పెండ్లి చేసుకోవడం, ఇచ్చుకోవడం గురించి చెప్పాడు. వాటిలో పాపమేమీ లేదు. వీసా, ఇల్లు, ప్రమోషన్, పిల్లల కాలేజీ ఫీజు అన్నవాటిలో కూడా పాపం లేదు. ఆ పనులన్నిటి మధ్య ఓడ కడుతున్న చప్పుడు వాళ్లకు వినిపించలేదు. అదీ ఆయన చెప్పిన సంగతి.

ఇది కొత్త గొడవ కాదు

ప్రాంతీయ దృక్పథం డార్విన్‌కు భయపడి క్రైస్తవులు చేసుకున్న సర్దుబాటు అని కొందరు అంటారు. తారీకులు అలా చెప్పవు. 5వ శతాబ్దంలో అగస్టీను కొండలన్నీ మునిగాయనే నమ్మాడు. అయినా దూరపు దీవులకు అడవి జంతువులు తిరిగి ఎలా చేరాయని తానే ప్రశ్న వేసుకున్నాడు. 1662లోనే ఇంగ్లాండు వేదపండితుడు ఎడ్వర్డ్ స్టిలింగ్‌ఫ్లీట్, మనుషులందరూ నశించారని నమ్ముతూనే భూగోళమంతా మునగాల్సిన అవసరం లేదని రాశాడు. 1823లో విలియం బక్లండ్ గుహల్లోని ఎముకలను జలప్రళయానికి సాక్ష్యంగా చూపుతూ పుస్తకం వేశాడు, ఆ తర్వాత 1836లో ఆ వాదన వదులుకున్నాడు. ఆడమ్ సెడ్జ్‌విక్ 1831లో బహిరంగంగా వదులుకున్నాడు. ఇద్దరూ ఆంగ్లికన్ సంఘంలో అభిషేకం పొందిన సేవకులే. డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో.

ఈనాడు మనం వినే భూగోళ జలప్రళయ వాదానికి 1961లో జాన్ విట్‌కమ్, హెన్రీ మోరిస్ రాసిన పుస్తకం ఊపిరి పోసింది. మొదటివారు పాత నిబంధన బోధకులు, రెండోవారు నీటి ఇంజనీరు. 2018లో ట్రెంపర్ లాంగ్‌మన్, జాన్ వాల్టన్ అనే ఇద్దరు పాత నిబంధన పండితులు, నిజంగా జరిగిన ఒక గొప్ప వరదను లోకమంతటి తీర్పుగా చెప్పే అలంకారిక భాష ఇది అని రాశారు. వీళ్లందరూ బైబిలును దేవుని వాక్యమని చేతపట్టుకున్నవారే. ఇందులో ఏ ఒక్కరినీ అవిశ్వాసి అని కొట్టివేయలేం.

మనం ఎక్కడ నిలబడాలి

నా వరకు నేను ఇలా చదువుతున్నాను. నోవహు ప్రకటించిన ఆ మానవ లోకం మీదికి దేవుని తీర్పు నిజంగా, సంపూర్ణంగా వచ్చింది. ఎనిమిది మందే మిగిలారు (1 పేతురు 3:20). ఇంతవరకు లేఖనం మనచేత ఒప్పిస్తుంది. ఆ నీళ్లు ఆస్ట్రేలియాను, ఆండీస్ కొండలను కప్పాయని మనచేత ఒప్పించాలని అది ప్రయత్నించడం లేదు. "భూమి", "సమస్తము" అన్న మాటలను అది ఇతర చోట్ల వాడిన తీరు, 8:9లో తానే వాడిన తీరు, దేవుడు చేసిన రాళ్లలో కనిపిస్తున్న వరుస, ఇవన్నీ కలిపి చూస్తే నాకు ప్రాంతీయ పఠనమే సరిగ్గా కూర్చుంటుంది. ఓడలోని పక్షుల ప్రశ్నకు, జ్వాలాపురం పనిముట్ల ప్రశ్నకు నా పక్షం పూర్తి జవాబు ఇంకా చెప్పాల్సే ఉంది. మీలో ఎవరైనా 7:19ని, 2 పేతురు 3ని చదివి భూగోళమంతా అని నమ్మితే, అది వాక్యం మీది గౌరవంతో నమ్ముతున్నారని నాకు తెలుసు.

అయితే ఒక పని మాత్రం చేయవద్దని ప్రతి తల్లిదండ్రిని, ప్రతి సండే స్కూల్ టీచరును బ్రతిమాలుతున్నాను. "భూగోళమంతా మునగలేదంటే బైబిలు అబద్ధమే" అన్న షరతును పిల్లల చేతిలో పెట్టవద్దు. ఆ షరతు బైబిలు పెట్టలేదు, మనం పెడుతున్నాం. పద్దెనిమిదేళ్ల అమ్మాయి కాలేజీలో జియాలజీ క్లాసులో మొదటి వారమే చెట్ల వలయాల గురించి వింటుంది. ఆ రోజు ఆమె జలప్రళయాన్ని మాత్రమే వదిలిపెట్టదు. మనం రెండింటినీ ఒకే తాడుతో కట్టి పంపితే, సిలువను కూడా వదిలేస్తుంది. సమాధానం రాని ప్రశ్నతో ప్రభువు దగ్గర నిలబడవచ్చని ఆమెకు ముందే చెప్పి పంపిద్దాం.

అలాగే చదువుకున్న యువతకు ఒక మాట. మీ అమ్మ, మీ అమ్మమ్మ భూగోళమంతా మునిగిందని నమ్ముతూ మోకాళ్ల మీద ప్రార్థించారు. ఆ ప్రార్థనల ఫలమే మీరు ఇక్కడ కూర్చుని ఇది చదవడం. రాళ్ల వయసు తెలిసినంత మాత్రాన వాళ్లను చూసి నవ్వే అర్హత మనకు రాదు. జ్ఞానము ఉప్పొంగజేస్తుంది, ప్రేమ క్షేమాభివృద్ధి కలిగిస్తుందని పౌలు బోధించింది (1 కొరింథీ 8:1) ఇలాంటి సందర్భాలకే.

ఈ నాలుగు అధ్యాయాలకు మధ్య కీలు 8:1. అక్కడిదాకా నీళ్లు లేస్తూ ఉంటాయి, అక్కడినుంచి తగ్గుతూ ఉంటాయి. ఆ వచనంలో ఉన్న సంగతి ఒక్కటే: దేవుడు నోవహును జ్ఞాపకం చేసుకున్నాడు. మనుషుల బలాత్కారం చూసి హృదయంలో నొచ్చుకున్న దేవుడు (6:6, 11) తీర్పు మధ్యలో ఒక కుటుంబాన్ని మరువలేదు. మనుషుల హృదయం మారలేదని తెలిసి కూడా ఇక అలా చేయనని తన్ను తాను కట్టుకున్నాడు (8:21). పిల్లవాడు వెనక సీట్లోంచి అడిగినప్పుడు, కొండలు ఎంత మునిగాయన్న చర్చ చేయండి, తప్పు లేదు. అందులో పెద్దలు కూడా ఏకాభిప్రాయానికి రాలేదని నిజం చెప్పండి. ఆ తర్వాత 8:1 దగ్గరికి తీసుకురండి. అక్కడ మనందరం ఏకమనస్సుతో ఉన్నాం.

గృహ కూడికల్లో చర్చించుకోవడానికి

1. ఆది. 8:5, 8:9 వచనాలను కలిపి చదవండి. "భూమి అంతటి మీద" అన్న మాట ఇక్కడ ఏ అర్థంలో వచ్చింది?

2. ఆది. 41:57, ద్వితీ. 2:25, ద్వితీ. 4:19, కొలస్సీ 1:23 చదవండి. "సమస్తము", "ఆకాశం కింద" అన్న మాటల స్కోప్‌ను ప్రతి చోటా ఏది నిర్ణయిస్తోంది?

3. దివిసీమ ఉప్పెనలో అయినవారిని పోగొట్టుకున్న కుటుంబానికి ఆది. 9:11–15 ప్రమాణాన్ని మీరు ఎలా వివరిస్తారు?

4. మీ సంఘంలో ఈ విషయం మీద మీతో ఏకీభవించని ఒకరి వాదనను, వారు ఒప్పుకునే విధంగా మీరు చెప్పగలరా? ప్రయత్నించండి.

5. నోవహు దినాల్లోలాగా, ఈ వారం మన పనుల మధ్య మనకు వినిపించకుండా పోతున్న ప్రభువు స్వరం ఏది?

ప్రభువు తన వాక్యాన్ని గ్రహించే మనసును, సహోదరులను భరించే ప్రేమను మనకు దయచేయును గాక. ఆమెన్.